పెడలు జారింది

ఉద్యోగ జ్ఞాపకాలు రిటైరైనవాళ్ళే రాయాలన్న రూలు ఉంటే, నాకు పూర్తి అర్హత ఉంది. ఇరవై ఆరో ఏట రిటైరయ్యాను. సరిగ్గా చెప్పాలంటే నేను కాలేదు, నా ఉద్యోగమే రిటైరైంది. శాలువా లేదు, దండ లేదు, "వీరి సేవలు మరువలేనివి" అన్నవాళ్ళు లేరు. ఓనరు గారు షట్టరు దించి, తాళం వేసి, అలవాటు కొద్దీ ఆ తాళానికి దణ్ణం పెట్టుకుని, "టిఫిన్ చేశావా?" అని అడిగారు. వీడ్కోలు సభ అంతటితో ముగిసింది.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పనికొస్తుందేమోనని అందులో ఒక్క సంగతి రాస్తున్నాను. పనికిరాకపోయినా నష్టం లేదు. నా ఉద్యోగమూ లోకానికి పనికొచ్చిన రకం కాదు.

రెండు వేల దశకం చివర్లో, విజయవాడలో, ఏలూరు రోడ్డు పక్క సందులో మా ఓనరు గారు గేమ్ సెంటరు పెట్టారు. అంతకుముందు అదే హాల్లో ఆయనకి మంగళగిరి చీరల షాపు ఉండేది. బేరాలు పడిపోయాక బావమరిది మాట విని, చీరలు తీసేసి టీవీలు, వీడియో గేములు పెట్టారు. షాపు మారింది గాని ఆయన మారలేదు. కారు రేసులాడటానికొచ్చిన ఇంజినీరింగ్ కుర్రాళ్ళని, "రండి, కూర్చోండి, నిదానంగా చూడండి, నచ్చకపోతే ఇంకోటి తీయిస్తాను" అనేవారు. ఒకడు తుపాకుల ఆట అడిగితే, "ఇదే రకంలో కొంచెం లేత రంగుంది, చూపించమంటారా?" అన్నారు. నా చెవులతో విన్నాను.

చీరల షాపు నుంచి మిగిలిన ఆచారాలు రెండు. చెప్పులు గుమ్మం బయటే విడవాలి. నేల అద్దంలా మెరవాలి. పొద్దున్నే తెరవగానే బకెట్టు నీళ్ళలో కాస్త కిరసనాయిలు పోసి ఆ నల్ల బండలు తుడిచేవాళ్ళం. ఓనరు గారు వంగి చూసుకుని, అందులో తన మొహం కనబడితేనే అగరుబత్తి వెలిగించేవారు. ఈ సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. జరిగినదానిలో విలన్ అంటూ ఎవరైనా ఉంటే, చాలాకాలం మేమనుకున్నది ఆ నేలనే.

నా హోదా టెక్నికల్ ఎగ్జిక్యూటివ్. అంటే చెమట పట్టిన జాయ్‌స్టిక్కులు తుడవడం, ఊడిన వైర్లు గుచ్చడం, కరెంటు పోతే "వచ్చేస్తుందండీ" అని నమ్మకంగా చెప్పడం. నాతోపాటు పనిచేసింది ఇంకొక్కరే. ఆయన్ని మాస్టారు అనేవాళ్ళం.

మాస్టారికి ఆ ఉద్యోగం ఒక అక్షరం తేడాతో వచ్చింది. యాభై దాటిన మనిషి, సన్నగా, నల్లగా, ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని పని అడగడానికొచ్చారు. "కంప్యూటర్లో ఏమైనా వచ్చా?" అన్నారు ఓనరు గారు. "కంప్యూటర్ తెలియదండి, జాజ్ వచ్చు" అన్నారు మాస్టారు. మా వైపు ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్ సెట్టుని జాజ్ అంటారు. ఆ రోజుల్లో విజయవాడలో ఏ మేడ మీద చూసినా జావా నేర్పబడును అని బోర్డు. ఓనరు గారి చెవిలో జాజ్ కాస్తా జావా అయి కూర్చుంది. ఈ వయసులో జావా నేర్చిన పట్టుదలకి ఆయన కళ్ళు చెమర్చాయి. రేపట్నుంచే వచ్చేయమన్నారు. తర్వాత వచ్చినవాళ్ళందరికీ, "మా దగ్గర జావా తెలిసిన పెద్దమనిషి ఉన్నారు" అని పరిచయం చేసేవారు. మాస్టారు వినయంగా, "ఏదో, ముప్ఫయ్యేళ్ళ అనుభవం" అనేవారు. జావా పుట్టే పదిహేనేళ్ళు కాలేదని ఎవరూ లెక్క వేయలేదు.

మాస్టారిది కొల్లేటి ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. చిన్నప్పుడు తండ్రితో దోనె మీద వెళ్ళేవారట. వల వేశాక చేపల్ని అటు తోలడానికి దోనె అంచు మీద కర్రలతో వాయిస్తారు. ఆ దోనె తాటిమొద్దుని తొలిచి చేసింది. కూర్చున్నవాడినే నమ్మదు, ఇక నిలబడి వాయించేవాణ్ణి ఏం నమ్ముతుంది? మాస్టారు నిలబడే వాయించేవారట.

"నా మొదటి ఆడియన్స్ చేపల్రా అబ్బాయ్. నా వాయింపు వినగానే పారిపోయేవి. అక్కణ్ణుంచి పైకేగాని కిందకి లేదు," అనేవారు.

ఆ చేతులే తర్వాత ఆర్కెస్ట్రాకి తీసుకొచ్చాయి. పందిళ్ళు, పెళ్ళిళ్ళు, ఉయ్యూరులో చెరకు బళ్ళ మధ్య స్టేజీలు. హనుమాన్ జంక్షన్‌లో ప్రోగ్రామంటే ఆయనకి ప్రాణం. రోడ్డు మీద లారీ హారన్ కొడితే దాన్ని కూడా లెక్కలో కలుపుకుని వాయించేవారట. తొంభైల్లో రిథమ్ ప్యాడ్ వచ్చింది. సూట్‌కేసంత పెట్టె, చేతులతో కొడితే చాలు, కాలితో పనిలేదు, వ్యానులో చోటు మిగులుతుంది. ఆ మిగిలిన చోటు మాస్టారిది. జాజ్ సెట్టు అమ్మేశారు. కొన్నేళ్ళకి పక్షవాతం వచ్చింది. "చిన్నది, వచ్చి పోయింది" అనేవారు. వచ్చిందని అందరికీ తెలుసు. పోయిందని ఆయనొక్కరే చెప్పేవారు. నడుస్తుంటే కుడికాలు కొంచెం ఆలస్యంగా వచ్చేది, ఆఫీసుకి మా బావలాగా. అయినా వచ్చేది.

ఒకరోజు ఓనరు గారి బావమరిది పెద్ద అట్టపెట్టె తెచ్చారు. అందులో ఆటలో వాయించే డ్రమ్స్ సెట్టు ఉంది. స్టాండు మీద నాలుగు గుండ్రటి రబ్బరు పలకలు, రెండు కర్రలు, కింద కాలుకి ఒక పెడలు.

"ఇవి డ్రమ్సా, ఇడ్లీ ప్లేట్లా?" అన్నాను.

మాస్టారు నవ్వలేదు. పలకల్ని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నారు. అంతలా దణ్ణం పెట్టించుకున్న చైనా ప్లాస్టిక్కుని నేను మళ్ళీ చూడలేదు.

ఆట ఇలా ఉంటుంది. టీవీలో పాట వస్తుంది, అన్నీ ఇంగ్లీషు పాటలే. తెర మీద రంగు ముక్కలు జారుతూ వస్తాయి. ఏ రంగు వస్తే ఆ పలక మీద కొట్టాలి. అడ్డంగా నారింజ పట్టీ వస్తే కాలితో పెడలు తొక్కాలి. తప్పితే తెరలోని జనం హోరున గేలి చేస్తారు, మరీ ఎక్కువ తప్పితే పాటే ఆగిపోతుంది. అసలు జాజ్‌లో పెడలు పెద్ద డ్రమ్ముకి బిగించి ఉంటుంది, ఎటూ పోదు. దీనికి పెద్ద డ్రమ్మే లేదు. అరిపాదమంత నల్ల పలక, వెనక ఎలుక తోకలాంటి వైరు, నేల మీద దిక్కులేనిదానిలా పడి ఉంటుంది. కింద అద్దంలాంటి బండ. తొక్కినప్పుడల్లా కాస్త కాస్త ముందుకి జారేది. పాట మొదట్లో నిటారుగా కూర్చున్న కుర్రాళ్ళు పాట అయ్యేసరికి పడక్కుర్చీలో తాతయ్యల్లా సాగిపోయేవాళ్ళు.

బేరాలు లేని పొద్దుటి పూట మాస్టారు కూర్చున్నారు. 

"ఏం పాటండీ ఇది?" అన్నాను.

"ఎవడికి తెలుసురా. నాలుగు లెక్క. ఏ భాషలోనైనా నాలుగు తర్వాత మళ్ళీ ఒకటే."

కర్రలు పడ్డాయి. నేను తుడుపుగుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పనిలో ఊరికే నిలబడటం నాకు కొత్త కాదు. కారణం ఉండి నిలబడటం అదే మొదలు. ఆ చేతులకి తెర అక్కర్లేదు, రంగులు అక్కర్లేదు. కానీ మధ్యమధ్య నారింజ పట్టీ దాటిపోయేది. తెరలోని జనం హోరెత్తారు.

"పెడలు జారింది," అన్నారు మాస్టారు.

చూస్తే నిజంగానే జారింది, మూరెడు దూరం.

"మా ఉయ్యూరు జనమే నయం. అరటిపళ్ళన్నా విసిరేవాళ్ళు, తినేవాళ్ళం," అన్నారు.

అది మొదలు, రోజూ వాయించడం, రోజూ పెడలు జారడం. మిగతావాళ్ళకి జానెడు జారేది మాస్టారికి మూరెడు ఎందుకు జారుతుందో నేను ఆలోచించలేదు. అనుభవానికి బరువెక్కువ అనుకున్నాను.

కొన్నాళ్ళకి ఆయన పాత ఆర్కెస్ట్రా లీడరు గారు వెతుక్కుంటూ వచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు, నల్లరంగేసిన జుట్టు. బూట్లు బయట విడిచాక మేజోడు చిల్లులోంచి బొటనవేలు కనబడింది. మా గుమ్మం ఎవర్నైనా మామూలు మనిషిని చేసేది.

"దసరాకి పాత బ్యాచ్ అంతా ఒక్కసారి స్టేజీ ఎక్కుదామనుకుంటున్నాంరా," అన్నారు మాస్టారితో. "ప్యాడ్లూ గీడ్లూ వద్దు. ఒరిజినల్ జాజ్. సెట్టు ఎక్కడైనా దొరుకుద్ది. మనిషే కావాలి."

"మనిషి ఉన్నాడు గురువుగారూ."

"కాలు?"

"వచ్చి పోయిందిగా."

లీడరు గారు కాసేపు నేల వైపు చూశారు. తన మొహమే కనబడి ఉంటుంది. "నువ్వు చెప్తే నమ్ముతాను. మిగతావాళ్ళు ఒకసారి వినమంటున్నారు. వచ్చే శుక్రవారం వస్తా. దీని మీదే ఒక్క పాట వాయించు. చాలు."

ఆయన వెళ్ళాక మాస్టారు మళ్ళీ డ్రమ్స్ దగ్గరికి వెళ్ళారు. కుర్చీ సర్దుకుని, పెడలుని వెనక్కి లాక్కుని, మొదలుపెట్టారు. పెడలు జారింది.

మాస్టారి భార్య చేపలమ్మేది. కొల్లేటి నుంచి వచ్చిన సరుకు దించుకుని, గంప నెత్తిన పెట్టుకుని సందులన్నీ తిరిగి, మధ్యలో మా గుమ్మం దగ్గర ఆగేది. మొదటిరోజు ఆంటీ అన్నందుకు, "ఆంటీ ఏందిరా ఆంటీ, పిన్నీ అను, నోరేం అరగదు" అని గద్దించింది. అప్పట్నుంచి పిన్నే.

"ఒరే అబ్బాయ్, ఇట్రా," అంది ఆ సాయంత్రం. "ఈయన అన్నం తింటా కంచం మీద వాయిస్తన్నాడు. నిన్న చారు ఒలికింది. నేనేం అనలా. ఇట్టా చూసి ఎన్నేళ్ళయిందో. ఆ పెడలు సంగతేందో చూడు నాయనా. నువ్వేదో ఎగ్జిక్యూటివ్వంటగా."

నా హోదాని గంభీరంగా పలికిన మొదటి మనిషి ఆవిడ. ఇక చూడక తప్పలేదు.

మొదట టేపు వేశాను. కిరసనాయిలు తాగిన బండ మీద టేపు నిలవలేదు. పెడలుకి అడ్డంగా ఇటుక పెట్టాను. షాపులో ఇటుకేమిటని ఓనరు గారు బాధపడి, పాత చీర ముక్కతో దాన్ని చుట్టి, జరీ అంచు పైకి కనబడేలా సర్దారు. పెడలు వెళ్ళి ఇటుకని ఆనుకుంది. తర్వాత ఇటుకా పెడలూ కలిసి జారాయి, కొత్త దంపతుల్లా.

పిన్ని గుమ్మంలోంచి అంతా చూసింది. గంప దించి, నెత్తి మీద ఉన్న చుట్టకుదురు తీసి లోపలికి విసిరింది. ఎండుగడ్డి మెలేసి, పాత గుడ్డ చుట్టిన చుట్ట అది. గంప కదలకుండా నెత్తిన పెట్టుకుంటారు.

"కుండ ఎందుకు దొర్లదు? కిందన కుదురుంటది గనక. దానిక్కూడా కుదురు పెట్టు."

పెట్టాను. పెడలు జారడం మానేసింది. ఊగడం మొదలెట్టింది. పైగా అన్నేళ్ళ చేపల నీచు అందులో ఉంది. ఓనరు గారు అగరుబత్తులు పాకెట్టు పాకెట్టు వెలిగించారు. ఒక కుర్రాడు లోపలికొచ్చి, గాలి పీల్చి, "భోజనం కూడా ఉందాండీ?" అన్నాడు.

మాస్టారు మాత్రం ఆ వాసనకి కళ్ళు మూసుకున్నారు. "కొల్లేరొచ్చిందిరా," అన్నారు. కాలు పెట్టి నాలుగు లెక్కలు వేసి ఆగిపోయారు. "ఊగుతోంది. కుదరట్లేదు."

"దోనెలో నిలబడి వాయించిన మనిషివి," అంది పిన్ని గుమ్మంలోంచి. "అప్పుడు లేని ఊగు ఇప్పుడొచ్చిందా?"

నవ్వుతూనే అంది. మాస్టారు పెడలు మీద నుంచి కాలు తీసేశారు. పిన్ని నవ్వు కాస్త ఎక్కువసేపు మొహం మీద ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు.

గురువారం నాకు ఉపాయం తట్టింది. చీరల రోజుల్లో గుమాస్తాలు కూర్చుని చీరలు పరిచే వెడల్పాటి చెక్క ఒకటి వెనక గదిలో పడి ఉంది. పెడలుని ఒక్కదాన్నే పట్టి ఆపాలని చూడటం వల్ల ఇంత తంటా. కుర్చీ కూడా అదే చెక్క మీద పెడితే? వాయించేవాడి బరువే చెక్కని పట్టుకుంటుంది, చెక్క పెడలుని పట్టుకుంటుంది. ఎవడి పెడలుని వాడే ఆపుకుంటాడన్నమాట. చెక్క అడుగున సైకిల్ ట్యూబు ముక్కలు కొట్టాను. పెడలు చుట్టూ చెక్క పేళ్ళు బిగించాను. మా దగ్గరికొచ్చే కుర్రాళ్ళలో అందరికన్నా లావాటివాణ్ణి కూర్చోబెట్టి, బలమంతా పెట్టి తొక్కమన్నాను. కుర్చీ మూలిగింది, స్టాండు వణికింది, పెడలు మాత్రం ఉన్నచోటే ఉంది. జీవితంలో నేను పూర్తిగా చేసిన పని అదొక్కటే. బీటెక్ కూడా అంత పూర్తిగా చేయలేదు.

మాస్టారు వచ్చి వంగి చూశారు. చేత్తో నొక్కారు. పక్కకి తోశారు. కదల్లేదు. 

"ఎలా ఉందండీ?"

"బాగుంది."

"కూర్చోండి మరి."

"రేపు చూద్దాంలేరా," అని జాయ్‌స్టిక్కులు తుడవడానికి వెళ్ళిపోయారు. అది నా పని. ఆయన ఎప్పుడూ ముట్టుకునేవారు కాదు.

శుక్రవారం లీడరు గారు వచ్చారు. ఈసారి చిల్లుల్లేని మేజోళ్ళు. ఓనరు గారు ఆయన్ని కూర్చోబెట్టి, కూల్‌డ్రింక్ తెప్పించి, "నిదానంగా చూడండి" అన్నారు. పిన్ని గంపతో గుమ్మం బయటే నిలబడింది. నెత్తిన కుదురు లేదు, అది ఇంకా మా దగ్గరే ఉంది. ఒక చేత్తో గంప పట్టుకుని ఉంది.

మాస్టారు చెక్క ఎక్కి కుర్చీలో కూర్చున్నారు. పాట మొదలైంది.

చేతుల గురించి మళ్ళీ చెప్పను. లీడరు గారి చేతిలో కూల్‌డ్రింక్ అలాగే ఉండిపోయిందంటే చాలు. తర్వాత నారింజ పట్టీ ఒకటి దాటిపోయింది. ఇంకొకటి దాటిపోయింది. కాలు పడుతోంది, కానీ పట్టీ వెళ్ళాక పడుతోంది. మాస్టారు మొహం బిగించారు, నడుము వంచారు, కర్రలు పట్టుకున్న చేత్తోనే మోకాలి మీద ఒకటి వేశారు. తెరలోని జనం మొదలెట్టారు. అదేం దేశపు జనమో గాని, వాళ్ళకి దయలేదు. పాట మధ్యలోనే ఆగిపోయింది.

కిందకి చూడకుండానే, అలవాటుగా, మాస్టారు అన్నారు: "పెడలు జారింది."

అందరం కిందకి చూశాం. పెడలు చెక్క మీద, పేళ్ళ మధ్య, ఉన్నచోటే ఉంది. వెంట్రుకంత కూడా కదల్లేదు. దాని మీద మాస్టారి కుడిపాదం ఉంది.

"అవున్రా," అన్నారు లీడరు గారు. "జారింది. నేను చూశాగా."

నా నోటి గురించి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఏ ఏడుపు మధ్యలోనైనా దానికి ఒక మాట దొరుకుతుంది. ఆరోజు ఎంత తడుముకున్నా దొరికింది ఒక్కటే. "ట్యూబు కొత్తది కదండీ, కాస్త జారుడు ఉంటుంది," అన్నాను.

అక్కడితో అయిపోయేదే. కానీ ఓనరు గారు అమాయకుడు. నా పనితనాన్ని నేనే తక్కువ చేసుకుంటున్నానని బాధపడ్డారు. లేచి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో పెడలుని అటూ ఇటూ తోసి, లీడరు గారి వైపు గర్వంగా తిరిగారు.

"లేదండీ! అస్సలు జారలేదు! మీరే పట్టి చూడండి. మావాడు అంత గట్టిగా బిగించాడు!"

ఎవరూ పట్టి చూడలేదు. ఓనరు గారి నవ్వు ఒక్కొక్కరి మొహం మీదకీ వెళ్ళి, ఎక్కడా దిగే చోటు దొరక్క, వెనక్కి వచ్చేసింది. తలెత్తితే ఎదురుగా మాస్టారి మొహం. ఓనరు గారికి ఏదో అర్థమైంది. ఏమిటో పూర్తిగా అర్థమయ్యేలోగానే పెడలు మీద నుంచి చేతులు తీసేశారు, వేడి గిన్నె మీద నుంచి తీసినట్టు.

మాస్టారు వంగి తన కాలిని చూసుకున్నారు. కోపంగా కాదు. చాలాకాలంగా ఇంట్లో ఉంటూ ఈరోజే ఎదురుపడ్డ చుట్టాన్ని చూసినట్టు చూశారు. కర్రలు రెండూ జతచేసి పలక మీద పెట్టారు.

"పని బాగా చేశావురా అబ్బాయ్," అన్నారు నాతో. "ఇంకొంచెం తక్కువ చేస్తే సరిపోయేది."

పిన్ని ఆరోజు మొదటిసారి గంప బయట దించి లోపలికొచ్చింది. తడి పాదాల గుర్తులు ఆ నల్ల బండ మీద గుమ్మం నుంచి కుర్చీ దాకా పడ్డాయి. ఓనరు గారు వాటిని చూశారు, తుడుపుగుడ్డ అడగలేదు.

"లే, పోదాం," అంది. "పొద్దుట్నుంచి ఏం తినలా నువ్వు. పులుసు చల్లారిపోద్ది."

"డ్యూటీ ఉందే."

"ఇవ్వాళ సెలవే మాస్టారూ," అన్నారు ఓనరు గారు వెంటనే. శుక్రవారం ఆయన ఎవరికీ సెలవిచ్చి ఎరగరు. లక్ష్మి బయటికి పోతుందని నమ్మకం.

గుమ్మం దగ్గర లీడరు గారు మాస్టారి భుజం పట్టుకుని, "మొరాకస్ ఉందిరా. చేతులతో పనే. నువ్వు స్టేజీ మీద ఉండాలి," అన్నారు. మొరాకస్ అంటే చేత్తో గలగలలాడించే బుర్రలు. ఆర్కెస్ట్రాలో ఎవరికీ ఏ వాయిద్యమూ రాని మేనల్లుడికి ఇస్తారు.

"అలాగే గురువుగారూ," అన్నారు మాస్టారు.

దసరా పందిట్లో ఓనరు గారు, పిన్ని, నేను మూడో వరసలో కూర్చున్నాం. జాజ్ లేదు. ఎవరో కుర్రాడు రిథమ్ ప్యాడ్ తెచ్చుకున్నాడు. బాగానే వాయించాడు, తిట్టడానికి కూడా లేకుండా. మాస్టారు ఒక చివర ఇనప కుర్చీలో, ఇస్త్రీ చొక్కాలో, మొరాకస్ పట్టుకుని ఉన్నారు.

"మన జావా ఆయన లెక్క ఎక్కడా తప్పట్లేదు," అన్నారు ఓనరు గారు నెమ్మదిగా. అప్పటికి ఆయనకి జాజ్ సంగతి తెలిసింది. అయినా జావా అనే అన్నారు. అలవాటైన పేరు.

పిన్ని నా మోచెయ్యి తట్టింది. "చేతుల్ని చూడబాక. కిందకి చూడు."

చూశాను. కుడికాలి మడమ నేలకి ఆనించి ఉంది. ముందుపాదం లేచి పడుతోంది, లేచి పడుతోంది. ప్రతిసారీ దెబ్బ వెళ్ళిపోయిన తర్వాత. అక్కడ పెడలు లేదు, జారడానికేమీ లేదు. పిన్ని పాట అయిందాకా అటే చూసింది. చప్పట్లు కొట్టాల్సినప్పుడు అందరికన్నా గట్టిగా కొట్టింది.

పండగ అయ్యాక మాస్టారు మామూలుగానే డ్యూటీకి వచ్చారు. డ్రమ్స్ జోలికి వెళ్ళలేదు. ఆ వారమంతా నేనూ నేల తుడిచేటప్పుడు ఆ చెక్క చుట్టూ తుడిచేవాణ్ణి, దాన్ని కదపలేదు. ఒక పొద్దున నేను వచ్చేసరికి చెక్క గోడకి ఆనించి ఉంది. పేళ్ళు ఊడదీసి ఒక పక్క పేర్చి ఉన్నాయి. స్క్రూ డ్రైవరు మాస్టారి చేతిలో ఉంది. పెడలు వట్టి బండ మీద ఉంది, మొదటిరోజు ఎలా ఉందో అలా. పిన్ని కుదురు తీసుకుపోయినట్టుంది, అదీ లేదు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"అద్దంలాంటి నేల మీద ఆ పాత చెక్కేంట్రా, అసహ్యంగా. ఓనరు గారికి నచ్చదు."

ఓనరు గారు అగరుబత్తి వెలిగిస్తున్నారు. చెక్క చూశారు, పెడలు చూశారు, మాస్టారిని చూశారు. ఆ చెక్క తన తండ్రి చేయించిందని చీరల రోజుల నుంచీ అందరికీ చెప్పుకునే మనిషి.

"అవునవును," అన్నారు. "నాకు నచ్చదు."

ఆ పూట ఆయన నేలలో మొహం చూసుకోకుండానే అగరుబత్తి గుచ్చేశారు.

మాస్టారు కూర్చున్నారు. ఇంగ్లీషు పాట మొదలైంది. చేతులు ఎప్పటిలాగే వాయించాయి. కాలు తోసింది, పెడలు కాస్త కాస్తగా ముందుకి వెళ్ళింది, నారింజ పట్టీలు దాటిపోయాయి, తెరలోని జనం హోరెత్తారు. మాస్టారు కర్ర ఎత్తి వాళ్ళని బెదిరించి, నా వైపు తిరిగారు.

"ఛ, దరిద్రప్పెడలు. జారింది చూశావా?"

"చూశానండీ. మూరెడు జారింది."

షాపు మూసేసేదాకా రోజూ పొద్దున్నే అదే మా పని. పాట అవగానే నేను మోకాళ్ళ మీద కూర్చుని, పెడలుని వెనక్కి లాగి, ఆయన పాదం కింద పెట్టేవాణ్ణి. పాదం చల్లగా ఉండేది. రెండు చేతులతో ఎత్తి సరిగ్గా ఆనించాలి. కొన్నాళ్ళకి కాస్త ఎక్కువ ఎత్తాల్సి వచ్చేది.

ఒకసారి అలా పెడుతుంటే పైనుంచి అడిగారు. "నేల ఇవాళ బాగా తుడిచావేంట్రా?"

"కిరసనాయిలు ఎక్కువ పడిందండీ," అన్నాను.

"అదీ సంగతి," అని, కర్రలు రెండూ పైకెత్తి లెక్క మొదలుపెట్టారు.